శంఖంలో పోస్తేనే టెర్మినల్

దీవిలో చిన్న విమానాశ్రయం కట్టాలనగానే బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఓ కంప్యూటర్ తెర మీద శంఖం పుడుతుంది. శంఖం కాకపోతే అల, అదీ కాకపోతే తాబేలు. ఏదైనా ఒళ్లంతా గాజే. ముందు కొబ్బరిచెట్టు, వెనక సూర్యాస్తమయం, మధ్యలో ట్రాలీ తోసుకెళ్లే తెల్లదొర కుటుంబం.

ఆ డిజైన్ మీటింగు చూసి తీరాలి. పడమటి గాజుగోడలోంచి ఎండ మొహాన కొడుతోందని బ్లైండ్లు దింపుతారు. చీకటైందని పట్టపగలు లైట్లేస్తారు. ఏసీ చలికి శాలువా కప్పుకున్న మేడం 'ప్రకృతితో మమేకం' స్లైడు తిప్పుతారు. గుంటూరు నుంచి కొత్తగా చేరిన కుర్రాడు ఊరుకోలేక, "అక్కడ గాలి ఎటునుంచి వస్తుంది మేడం?" అంటాడు.

"ఏసీ చిల్లర్ నుంచి, నాన్నా."

టెర్మినల్లోంచి నేరుగా విమానం తలుపు దాకా నడిపించే ఏరోబ్రిడ్జీలు రెండు. దిగేదేమో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం: డెబ్బై పైచిలుకు సీట్లు, ఎక్కే తలుపు తోకవైపు, మెట్లు ఆ తలుపుకే. ఏరోబ్రిడ్జితో దానికి పనే లేదు. అయినా రెండు ఉండాల్సిందే, బొమ్మ బోసిపోకూడదు.

ఉప్పుగాలికి ఈ సౌందర్యం పట్టదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగ్ మీద కొన్నాళ్లకే టీ ఒలికినట్టు మరకలు పడతాయి, 316 రకం వెయ్యాలి. అల్యూమినియం ఫ్రేముకు స్టీలు స్క్రూ బిగిస్తే మధ్యన నైలాన్ వాషర్ ఉండాలి. లేదంటే ఉప్పుతడికి అల్యూమినియం తినేసుకుపోయి పలక వదులవుతుంది. (విమానాశ్రయంలో పలకలు ఊడిపడే సంగతి చెన్నైవాళ్లకు ఒకరు చెప్పాలా?) సముద్రపు తుంపర తగిలే కాంక్రీటుకు మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 అడిగేది ఎం35 గ్రేడు, లోపలి ఊచల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ మన దీవుల్లో కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లదే. ఓడలో మోసుకొచ్చిన ఆ డీజిల్ని గాజుపెట్టె చల్లబరచడానికి తగలేస్తారు. జనరేటర్ ఆగిందా, ఆపరేషన్ కోసం చెన్నై బయల్దేరిన ముసలాయన తెరుచుకోని అద్దాల వెనక ఉక్కపోతలో చావాలి. ఖర్చు మించితే ముందు కోసేది ఏప్రన్ (విమానాలు ఆగే చోటు) దాకా నడిచే దారి మీది కప్పునే; శంఖం తోక జోలికి ఎవడూ పోడు. వానలో స్ట్రెచర్ తడుస్తూ పోతుంది. సిగ్గులేదూ?

థాయిలాండులో కో సముయ్ దీవి విమానాశ్రయం 1989లో మొదలైంది. ఆకుల కప్పు, గోడల్లేని హాళ్లు. విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. మనకూ పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు పెట్టి, తూర్పు పడమరలు మూసేసి, ఏటవాలు కప్పుకు రెండు మీటర్ల చూరు దించితే చాలు. పైన వేడిగాలి పోయే సందు, పక్కన జల్లు ఆపే ఏటవాలు పలకల లూవర్లు, ఫ్యాన్లు. ఏసీ ఎక్స్‌రే మిషన్లకీ సర్వర్ గదికీ సరిపెట్టొచ్చు. రెండు కప్పులు కలిసే పల్లంలో వాననీటి కాలువ, అదే వ్యాలీ గట్టర్, మాత్రం పెట్టొద్దు, అది కారేది సరిగ్గా బ్యాగేజీ బెల్టు మీదే.

ఇలా గీసి చూపిస్తే "బస్టాండులా ఉందే!" అంటారు. ఉండనీండి. బస్టాండులో కనీసం గాలాడుతుంది.