సవరణ: రాంపూర్ చెత్త ఊట నీటి గురించి

మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డు గురించి పోయిన వారం రాస్తూ, చెత్త కింద ఊరే నల్ల నీటిలో, అంటే లీచేట్‌లో, ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే చాలు, చెరువులోకి వదలొచ్చు అన్నాను. అది తప్పు. ఎవరైనా నమ్మి అలాగే చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది, అందుకే ఈ సవరణ.

ఫెంటన్ పద్ధతి అనే ఈ చర్యలో హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చాలా చురుకైన కణాలు పుడతాయి. సూక్ష్మజీవులు అరిగించుకోలేని మొండి సేంద్రియ పదార్థాలను కూడా అవి విరగ్గొడతాయి. పాత కుప్పల లీచేట్‌కు ఇది పనికొచ్చేది అందుకే. కానీ ముందు యాసిడ్ పోసి పీహెచ్‌ను 3 దగ్గరికి దించాలి. లేకపోతే ఇనుము తుప్పురంగు మడ్డిగా విడిపోయి చర్య కుంటుపడుతుంది. తర్వాత సున్నంతో తటస్థం చేయాలి. అప్పుడు అడుగున దిగే ఇనుప బురదను ఎక్కడ పారేయాలన్నది ఇంకో పెద్ద సమస్య. దాన్ని నేను అసలు ప్రస్తావించనే లేదు.

అన్నిటికంటే ముఖ్యం లీచేట్‌లో ఉండే అమ్మోనియా. ఫెంటన్‌తో అది పెద్దగా పోదు, చేపలకేమో విషం. దాన్ని వేరే పద్ధతిలో తీయాల్సిందే.

రంగు పోతే నీరు శుభ్రమైనట్టే అని కూడా రాశాను. కాదు, సీఓడీ పరీక్ష చేయించాలి. నీటిలోని కాలుష్యాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క అది. చెరువులు, వాగుల్లోకి వదిలే లీచేట్‌లో సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు పరిమితి పెట్టాయి. నీటిలో మిగిలిన పెరాక్సైడ్ ఆ లెక్కను పెంచి చూపిస్తుంది కాబట్టి, దాన్ని పోగొట్టాకే కొలవాలి.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ తీసేశాను.