మోర్వెన్‌స్టో పాస్టరుగారిని వదిలేశారు

విక్టోరియా కాలంలో ఇంగ్లండ్ పల్లెల్లో పాస్టర్లు దశమభాగం (చర్చికి కట్టాల్సిన పదో వంతు) రాబట్టుకోవడం తప్ప చేసిందేమీ లేదని మీ వ్యాసంలో రాశారు. అందరినీ ఒకే గాటన కట్టేయడం అన్యాయమండీ. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్ ఉత్తర తీరంలో మోర్వెన్‌స్టో అనే చిన్న ఊరుంది. 1835 నుంచి దాదాపు చనిపోయేదాకా, అంటే 1875 వరకు, అక్కడి చర్చి బాధ్యత రాబర్ట్ స్టీఫెన్ హాకర్‌దే. ఆ తీరంలో రాళ్లకు తగిలి ఓడలు బద్దలయ్యేవి. శవాలు కొట్టుకొస్తే హాకర్ వాటిని కొండ మీదికి మోయించి, చర్చి ఆవరణలో పద్ధతిగా ఖననం చేయించేవారు. అలా 40 మందికి పైగానే. 1842లో మునిగిన కాలెడోనియా నావికుల సమాధి దగ్గర ఆ ఓడ ముందుభాగంలోని చెక్కబొమ్మనే నిలబెట్టారు. కత్తీ డాలూ పట్టుకున్న తెల్లటి స్త్రీమూర్తి. అసలు బొమ్మ పాడవకుండా ఇప్పుడు చర్చి లోపల పెట్టి, బయట నకలు ఉంచారు. ముక్కూ మొహం తెలియని నావికులకు ఇంత మర్యాద ఎవరు చేస్తారు? 1843లో కొత్త పంట ధాన్యపు రొట్టెతో కోతల ఆరాధన జరిపిందీ ఆయనే. మన సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) చర్చిల్లో చేసే కోత పండుగకూ దానికీ చుట్టరికం ఉంది. దశమభాగం గొడవలు నిజమే, కాదనను. కానీ హాకర్‌కి ఒక్క పేరా అయినా ఇవ్వాల్సింది.