“ఆ ఏరియా వద్దండీ” అనే ముందు

అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది. “ఆ ఏరియా వద్దండీ, నల్లోళ్ళు ఎక్కువ. స్కూళ్ళు కూడా బాగోవు.” దాని కింద వరసగా లైకులు. కాసేపటికి ఎవరో ఒకాయన పెద్దరికంగా ముక్తాయిస్తాడు: “మనం రెండు సూట్‌కేసులతో వచ్చి పదేళ్ళలో ఇల్లు కొనుక్కున్నాం. వాళ్ళు తరతరాలుగా ఇక్కడే ఉండి ఏం సాధించారు?”

చదివినప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది. ఏం సాధించారని అడిగే ముందు, వాళ్ళని ఏం చెయ్యనిచ్చారో తెలుసుకోవద్దా?

నేనుండేది మిషిగన్‌లో కాబట్టి ఇక్కడి సంగతే చెప్తాను. డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డుకి దగ్గర్లో, ఇళ్ళ పెరళ్ళ వెనక ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, దాదాపు అర మైలు పొడవు. 1941లో కట్టారు. అప్పటికే అక్కడ నల్లజాతి కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. పక్క ఖాళీ స్థలంలో ఒక బిల్డరు తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టబోయాడు. పక్కనే నల్లవాళ్ళున్నారు కాబట్టి ఆ ఇళ్ళ లోన్లకి హామీ ఉండనంది ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్. ఆయన మధ్యలో గోడ లేపాడు. హామీ వచ్చేసింది. ఆ గోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. కొంత మేర దాని మీద బొమ్మలు వేశారు, అందులో తెల్లవాళ్ళ కోసం బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ బస్సెక్కుతూ కనిపిస్తుంది. మిగతాదంతా మామూలు ప్రహరీలాగే ఇళ్ళ మధ్య నుంచి పోతుంది. తెలియనివాళ్ళు చూస్తే అందులో ఏ విశేషమూ లేదనుకుంటారు.

ఆ హామీకి అంత విలువ ఎందుకో చెప్పాలి. 1934కి ముందు ఇల్లు కొనాలంటే సగం డబ్బు చేతిలో ఉండాలి, మిగతాది కొద్ది ఏళ్ళలోనే తీర్చెయ్యాలి. ప్రభుత్వం పూచీ పడటం మొదలుపెట్టాక తక్కువ డౌన్ పేమెంటు, తక్కువ వడ్డీ, ఇరవై ముప్పై ఏళ్ళ గడువు వచ్చాయి. అమెరికా మధ్యతరగతి నిలదొక్కుకున్నది ఆ లోన్ల మీదే. అదే దశాబ్దంలో మరో ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులకి రంగులు వేయించింది. నల్లవాళ్ళుండే పేటలకి ఎరుపు. ఎంత సంపాదించేవాడికైనా అలాంటి చోట లోను దొరకడం గగనమైపోయింది. ఇంటి విలువ పెరిగితే దాని మీద పిల్లల కాలేజీ ఫీజులు కట్టొచ్చు, వ్యాపారం పెట్టొచ్చు. ఇల్లే లేనివాడు దేని మీద కడతాడు? ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం తెల్లవాళ్ళ కుటుంబాల మధ్యస్థ ఆస్తి దాదాపు 2,85,000 డాలర్లు. నల్లవాళ్ళది 45,000. ఈ తేడా బద్ధకం వల్ల వచ్చిందనేవాళ్ళు ఒకసారి వెళ్ళి ఆ గోడ చూసి రండి.

నల్లజాతి నాటక రచయిత్రి లొరెయిన్ హాన్స్‌బెర్రీ గురించి కూడా చెప్పాలి. ఆవిడ తండ్రి కార్ల్ షికాగోలో రియల్ ఎస్టేట్ వ్యాపారి. డబ్బుంది, చదువుంది, పలుకుబడి ఉంది. 1937లో తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొన్నాడు. ఆ పేట ఇళ్ళ యజమానులు ముందే ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించుకున్నారు. నల్లవాళ్ళకి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. అలాంటి ఒప్పందాల్లో ఇంట్లో పనిచేసే నౌకర్లకి మాత్రం మినహాయింపు ఉండేది. అంటే వంట చెయ్యడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి పనికొస్తారు, ఇరుగుపొరుగుగా పనికిరారు.

ఇంటి ముందు గుంపు చేరింది. కిటికీలోంచి లోపలికి విసిరిన దిమ్మ చిన్నపిల్ల లొరెయిన్‌కి తగలబోయి తప్పిపోయింది. బడికి వెళ్ళొచ్చే దారిలో పిల్లల మీద ఉమ్మేవాళ్ళు, కొట్టేవాళ్ళు. తండ్రి వాషింగ్టన్‌లో కేసు కోసం తిరుగుతుంటే, తల్లి తుపాకీ పట్టుకుని రాత్రంతా ఇంట్లో కాపలా తిరిగేది. ఇలినాయ్ కోర్టులు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాయి. కార్ల్ సుప్రీం కోర్టుదాకా వెళ్ళి 1940లో గెలిచాడు. కానీ ఆ గెలుపు సాంకేతిక కారణం మీద వచ్చింది, ఒప్పందాల జోలికి కోర్టు పోలేదు. వాటిని కోర్టులు అమలు చెయ్యకూడదనే తీర్పు 1948లో గానీ రాలేదు. అప్పటికి కార్ల్ లేడు. అమెరికా మీద ఆశ వదులుకుని కుటుంబాన్ని మెక్సికోకి తరలించాలనుకుంటూ 1946లో అక్కడే చనిపోయాడు.

ఆయన కూతురు రాసిన నాటకమే “ఎ రెయిజిన్ ఇన్ ది సన్”. 1959లో బ్రాడ్‌వే ఎక్కింది. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం అక్కడికి చేరడం అదే మొదటిసారి. కథ షికాగో సౌత్‌సైడ్‌లోని ఇరుకు వాటాలో జరుగుతుంది. పిల్లవాడు ముందుగదిలో సోఫా మీద పడుకుంటాడు, బాత్రూం వరండాలో పక్కవాటా వాళ్ళతో కలిపి వాడుకోవాలి. ఇంటిపెద్ద చనిపోతే వచ్చిన పదివేల డాలర్ల ఇన్సూరెన్సులోంచి తల్లి లీనా తెల్లవాళ్ళ పేటలో ఇంటికి బయానా కడుతుంది. అక్కడే ఎందుకంటే, నల్లవాళ్ళ కోసం కట్టే ఇళ్ళు ఊరికి ఎక్కడో దూరంగా, రెట్టింపు ధరకి ఉన్నాయంటుంది.

ఆ నాటకంలో నన్ను వదలని పాత్ర లిండ్నర్. కొత్త పేట సంఘం తరఫున వస్తాడు. అరవడు, బెదిరించడు. ఎవరివాళ్ళ మధ్య వాళ్ళుంటే అందరికీ సుఖం కదా అంటాడు, ఇందులో జాతి వివక్షేమీ లేదంటాడు, మీరు కట్టినదానికంటే ఎక్కువే ఇస్తాం రాకండి అంటాడు. ఎంత మర్యాద! మన గ్రూపుల్లో “నాకు వాళ్ళంటే ద్వేషమేం లేదండీ, స్కూళ్ళ కోసమే” అన్న మెసేజ్ చదివితే లిండ్నరే తెలుగులో టైప్ చేస్తున్నట్టుంటుంది.

పిల్లలకి మంచి బడి కావాలనుకోవడం తప్పని నేననను. కానీ ఆ బడుల సరిహద్దు గీతలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. డెట్రాయిట్ బడుల్లో జాతి వేర్పాటు పోవాలంటే చుట్టుపక్కల సబర్బులని కూడా కలపాలని కింది కోర్టు చెప్పింది. 1974లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో కుదరదంది. ఒప్పుకోని నలుగురు జడ్జిల్లో, ఆ కోర్టులో మొదటి నల్లజాతి జడ్జి థర్‌గుడ్ మార్షల్ ఒకరు. మనం పదికి తొమ్మిది రేటింగ్ చూసి ఎగబడి కొనే సబర్బులు చాలావరకు ఆ గీతకి అవతల ఉన్నవే.

అసలు మనం ఇక్కడికెలా వచ్చామో మర్చిపోతే ఎలా? మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌ని 1923లో ఇదే సుప్రీం కోర్టు, నువ్వు తెల్లవాడివి కావు, పౌరసత్వం లేదు పొమ్మంది. 1946లో తలుపు తీసి ఇండియాకి ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. ఇప్పుడు మన ఒక్క అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో అంతకంటే ఎక్కువమంది ఉంటారు! దేశాలవారీ పాత కోటాలు రద్దు చేసే వలస చట్టం వచ్చింది 1965 అక్టోబరులో. నల్లవాళ్ళు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, ప్రాణాలు పోగొట్టుకుని ఓటు హక్కు చట్టం సాధించిన ఏడాదే అది. ఆ ఊపు లేకపోతే ఈ వలస చట్టమూ లేదు, మన వీసాలూ లేవు. 1966లో షికాగోలో ఇళ్ళ హక్కు కోసం నడుస్తుంటే మార్టిన్ లూథర్ కింగ్ తలకి రాయి తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపారు, సరిగ్గా వారానికి 11న ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే చట్టం మీద సంతకం అయింది. ఈరోజు మనం ఏ పేటలో ఇల్లడిగినా ఎవరూ కాదనలేనిది ఆ చట్టం వల్లే.

ఊరికి ఎడంగా వాడ ఎందుకుంటుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు కూడా. అంబేద్కర్ 1946లోనే అమెరికా నల్లజాతి మేధావి డు బోయిస్‌కి ఉత్తరం రాసి, ఇక్కడి నల్లవాళ్ళ స్థితికీ అక్కడి అంటరానివాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. 2017లో కాన్సాస్‌లో “మా దేశం నుంచి పొండి” అని అరుస్తూ మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపినప్పుడు అందరం విలవిల్లాడాం. విలవిల్లాడాల్సిందే. ఆ బాధ తెలిసిన నోటితోనే “నల్లోళ్ళ ఏరియా” అనేస్తుంటే నేను ఊరుకోలేను.

అడ్మిన్లకి ఒక విన్నపం. ఎవరైనా ఏరియా గురించి అడిగితే ఆస్తి పన్నెంతో చెప్పండి, బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయేమో చెప్పండి, బడి గురించి, ఆఫీసు దూరం గురించి చెప్పండి. ఇరుగుపొరుగు ఒంటి రంగు చెప్పే మెసేజ్ వస్తే తీసెయ్యండి. అదే మాట రియల్టరు అంటే ఆ 1968 చట్టాన్ని మీరినట్టే, లైసెన్సుకే ముప్పు. మన గ్రూపుల్లో తెలుగు రియల్టర్లు చాలామందే ఉన్నారు, వాళ్ళనే అడగండి.