వంటింటి పెళ్లిళ్ల పేరయ్య గారికి

శ్రీ కన్వర్షన్ ప్లగ్గు గారి దివ్య సముఖానికి,

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్న మాటను మీ అంత నిష్ఠగా పాటించేవాళ్లను నేను చూడలేదు. మా ఓటీజీ ఓవెన్‌ది 16 ఆంప్స్ వంశం. పిన్నులు లావు, ఆకలి 2000 వాట్లు. వంటగట్టు మీది సాకెట్ 6 ఆంప్స్ పిల్ల, మిక్సీకి, ఫోన్ ఛార్జర్‌కి అలవాటుపడ్డది. సంబంధం కుదరదని పిన్నులే దూరకుండా చెప్పాయి. మీరు మాత్రం షాపు కౌంటర్ మీది డబ్బాలోంచి లేచి "నేనున్నాగా" అన్నారు. 70 రూపాయలకు ముహూర్తం పెట్టేశాం.

జాతకాలు చూడని తప్పు మాదే. 2000ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంప్స్. ఆరు మొయ్యాల్సిన చోట ఎనిమిదిన్నరేగా, సర్దుకుంటారులే అనుకున్నాం. వేడి కరెంటు వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుందట, అంటే రెండింతలు. మూడో కేకు నాటికి కేకు కన్నా ముందు మీరు ఉడికారు. "ఇది వెనిల్లా వాసన కాదండీ" అంది మా ఆవిడ.

కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఎంసీబీ, ఎందుకు పడలేదని అడిగితే ఎలక్ట్రీషియన్ నవ్వాడు. "అది 10 ఆంప్స్‌ది సార్. గోడలో వైరుకి కాపలా. మీ ప్లగ్గు గొడవ దానికెందుకు?" పడిపోతోందని విసుక్కుని 32ది వేయించుకునే మహానుభావులూ ఉన్నారట. వాళ్లింట్లో ఇక వైరే ఫ్యూజు.

మీ తమ్ముడొకడున్నాడు, రెండు పిన్నులవాడు. ఎర్తును అసలు పెళ్లికే పిలవడు. ఇనప ఒళ్లున్న ఓవెన్‌కి వాడు కుదిర్చే సంబంధం తలుచుకుంటేనే టెన్షన్.

సరే, ఎంసీబీలుండే డబ్బా, అదే డీబీ, నుంచి విడిగా లైను లాగించాం. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎర్తుతో సహా, 16 ఎంసీబీ, 16 సాకెట్. రెండున్నర చాలదా అని బేరమాడాను. "దీనికి చాలు సార్. రేపు ఇంకా పెద్దది కొంటే మళ్లీ గోడ కొట్టాలా?" అన్నాడు. నోరు మూసుకున్నాను.

మీరిప్పుడు సొరుగులో రబ్బరు బ్యాండ్ల మధ్య, ఒక చెంప నల్లబడి, విశ్రాంతిగా ఉన్నారు. నిన్న ఎదురింటి పిన్నిగారు వచ్చారు. కొత్త ఎయిర్ ఫ్రైయర్‌కి పిన్నులు లావట. "మీ దగ్గర అదేదో చిన్న ప్లగ్గుందట కదా బాబూ?" అన్నారు. ఎక్కడో పోయిందండీ అన్నాను. అది పెళ్లి చెడగొట్టడానికి ఆడిన అబద్ధం, మీ వందలో కలుపుకోకండి.

ఇట్లు,
పెళ్లికొడుకు తరఫువాడు