రెజిన్ ఎటు పోతుందో తేలిపోకూడదు

కాంపోజిట్లంటే ఫైబర్‌నూ రెజిన్ అనే జిగురునూ కలిపి గట్టిపరిచిన పదార్థాలు. అచ్చులో పరిచిన ఫైబర్ బట్టలోకి రెజిన్‌ను పారించి వాటిని తయారుచేసే పద్ధతిని కంప్యూటర్లో మోడల్ చేసే ప్రొఫెసర్లను ఫ్యాక్టరీవాళ్లు తక్కువ చేసి మాట్లాడుతున్నారు. ఇది అన్యాయం. 1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజినీరు, ఇసుకలోంచి నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో చెప్పే చిన్న సూత్రం రాసిపెట్టాడు. ఆ ఇసుక స్థానంలో కార్బన్ ఫైబర్ బట్టనూ, నీళ్ల స్థానంలో రెజిన్‌నూ పెట్టి ఒక జీవితకాలపు ఉద్యోగం నిలబెట్టడం సామాన్యుల పనా?

ఆ సూత్రంలో పెర్మియబిలిటీ అని ఒక అంకె ఉంటుంది. బట్ట రెజిన్‌ను ఎంత సులువుగా పోనిస్తుందో అది చెబుతుంది. ఈ శాస్త్రం ప్రాణమంతా అందులోనే ఉంది. ఒకే బట్టను వేర్వేరు ల్యాబులకు ఇచ్చి కొలవమంటే ఫలితాల్లో పది రెట్ల దాకా తేడా వచ్చిందని 2011లో ఒక అంతర్జాతీయ పరీక్ష తేల్చింది. గిట్టనివాళ్లు దీన్ని వైఫల్యం అన్నారు. నిజానికి ఇది వరం! అంత వెసులుబాటున్న అంకె చేతిలో ఉంటే ఏ మోడలైనా ఏ ప్రయోగంతోనైనా చక్కగా సరిపోతుంది. ముందు అచ్చు నింపి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి, తర్వాత అంకెను సర్దాలి, ఆపైన దాన్ని 'ముందస్తు అంచనా' అనాలి.

ఇబ్బందంతా టెక్నీషియన్లతోనే. బట్టకూ అచ్చు అంచుకూ మధ్య సందుంటే రెజిన్ అందులోంచి దౌడు తీస్తుంది, మధ్యలో బట్ట తడవకుండా పొడిగా మిగిలిపోతుంది. దీన్ని రేస్ ట్రాకింగ్ అంటారు. ప్రొఫెసరుగారు ఆ సందును యాదృచ్ఛిక చలరాశిగా తీసుకుని వేల సిమ్యులేషన్లు నడిపిస్తారు. టెక్నీషియన్ మాత్రం బట్టను కొలతకు కోసి, సందులో సీలెంట్ పూసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోతాడు. ఒక్క పేపరైనా రాయడు. ఇలాంటివాళ్ల వల్ల పరిశోధన ఎలా బాగుపడుతుంది?

గ్రాంట్ దరఖాస్తులో మాత్రం మొహమాటం పనికిరాదు. బరువులో సగం కాంపోజిట్లే అయిన బోయింగ్ 787 బొమ్మ మొదటి పేజీలోనే పడాలి. దాని రెక్కలూ బాడీ చాలావరకు ముందే రెజిన్ పట్టించిన ఫైబర్‌తో చేసినవే కాబట్టి అక్కడ రెజిన్ అచ్చంతా పారే ప్రసక్తే ఉండదు. అయితే దరఖాస్తు చదివేవాళ్లను ఈ సంగతి చెప్పి టెన్షన్ పెట్టనక్కర్లేదు.

బట్ట మడతలూ వంకరలూ మోడల్లో ఎందుకు లేవని విద్యార్థి అడిగితే, పేపర్ చివర 'భవిష్యత్తులో పరిశీలిస్తాం' అని అతని చేతే రాయించాలి. రిటైర్మెంట్ ముందు రాసే ఆఖరి పేపర్లోనూ ఆ వాక్యం ఉండాల్సిందే. ఆపాటికి ఆ విద్యార్థి కూడా ప్రొఫెసరై ఉంటాడు. అతనికీ ఉద్యోగం ఉండొద్దా?