గజాలతో పాటు దెబ్బలూ లెక్కపెట్టాలి

ఇంకో నూట ఒక్క గజాలు. 2025 జనవరి 5న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆ సీజన్లో చివరి మ్యాచ్‌కు దిగేసరికి, బంతి పట్టుకుని పరిగెత్తే ఆ జట్టు రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీకి, నలభై ఏళ్లుగా చెక్కుచెదరని రికార్డుకు మధ్య మిగిలిన దూరం అంతే. అప్పటికి అతను 16 మ్యాచ్‌లలో 2,005 గజాలు పరిగెత్తాడు. ఒక సీజన్లో అత్యధిక గజాలకు 1984లో ఎరిక్ డికర్సన్ నెలకొల్పిన రికార్డు 2,105. ఎదుటి జట్టు న్యూయార్క్ జెయింట్స్. ఆరేళ్లు ఆడించుకుని బార్క్‌లీని వదులుకున్న జట్టే అది. రికార్డు కొట్టడానికి అంతకన్నా మంచి రోజు దొరకదు. అయినా కోచ్ అతన్ని ఆడించలేదు. సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఈగల్స్ స్థానం ఖాయమైపోయింది, ఈ మ్యాచ్ గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు, అలాంటప్పుడు ఆ మోకాళ్లకు మరో ఇరవై దెబ్బలు ఎందుకన్నది లెక్క. సరిగ్గా అయిదు వారాల తర్వాత ఈగల్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

ఆ నిర్ణయం మీద వాదన ఇంకా చల్లారలేదు. చరిత్రలో పేరు నిలిచే అవకాశాన్ని చేతులారా పోగొట్టారని ఒక వర్గం బాధ. మా మాట సూటిగా చెబుతాం. ఈగల్స్ చేసింది సరైన పని. పరుగుకు ఖరీదు ఉంటుందని, ఆ ఖరీదు ఆటగాడి ఒంట్లోంచే పోతుందని ఒక జట్టు ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. గొప్ప రన్నింగ్ బ్యాక్ ఎవరన్న చర్చలో ఎప్పుడూ తప్పిపోయే లెక్క కూడా అదే.

ఈ ఆటతో అంతగా పరిచయం లేని పాఠకుల కోసం ఒక్క మాట. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. బంతిని విసిరి జరగొచ్చు, లేదా చంకలో ఇరికించుకుని మనుషుల మధ్యలోంచి దూసుకుపోవచ్చు. ఆ రెండో పని చేసేవాడు రన్నింగ్ బ్యాక్. చెడుగుడులో కూతకెళ్లినవాడి మీద ఎదుటి జట్టంతా ఒక్కసారిగా విరుచుకుపడే క్షణాన్ని ఊహించుకోండి. ఇతని పరుగుల్లో చాలామటుకు ఆ క్షణంతోనే ముగుస్తాయి. తేడా ఏమిటంటే, మీద పడేవాళ్లలో చాలామంది వంద కిలోలకు పైబడినవాళ్లు, అదీ పరుగున వచ్చి గుద్దుతారు. ఒక మ్యాచ్‌లో ఇరవై, పాతికసార్లు ఇలా జరుగుతుంది.

ఇక లెక్కల సంగతి. మొత్తం గజాల్లో అందరికన్నా ముందున్నది ఎమిట్ స్మిత్. 1990 నుంచి 2004 వరకు 226 మ్యాచ్‌లలో 18,355 గజాలు. ఆ తర్వాత వాల్టర్ పేటన్, 190 మ్యాచ్‌లలో 16,726. ఫ్రాంక్ గోర్ పదహారు సీజన్లు ఆడి సరిగ్గా 16,000 దగ్గర ఆగాడు. బ్యారీ శాండర్స్ 153 మ్యాచ్‌లలో 15,269. జిమ్ బ్రౌన్ 118 మ్యాచ్‌లలో 12,312. ఇదే వరసను మ్యాచ్ సగటు ప్రకారం చూస్తే తలకిందులవుతుంది. బ్రౌన్‌ది 104.3 గజాలు, శాండర్స్‌ది 99.8, పేటన్‌ది 88, స్మిత్‌ది 81. టెస్టుల్లో సచిన్ 15,921 పరుగులు గొప్పవా, బ్రాడ్‌మన్ 99.94 సగటు గొప్పదా అని తెల్లవార్లూ వాదించుకున్న తెలుగువాళ్లకు ఈ తగువు కొత్తగా అనిపించదు. ఒకప్పుడు డాలస్ కౌబాయ్స్ స్టేడియం ఉండిన ఇర్వింగ్‌లోనూ, ఇప్పుడు ఆ జట్టు కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలోనూ వేల తెలుగు కుటుంబాలు కాపురముంటున్నాయి. అక్కడ పుట్టిన పిల్లలకు ఇది అచ్చంగా ఇంటి తగువే.

బ్రౌన్ పక్షాన చెప్పడానికి చాలా ఉంది. ఆడిన తొమ్మిది సీజన్లలో ఎనిమిదింట లీగ్‌లో అత్యధిక గజాలు అతనివే. అతను అడుగుపెట్టిన 1957లో సీజన్‌కు 12 మ్యాచ్‌లు, 1961 నుంచి 14. ఇప్పుడు 17. ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు. ముప్ఫయ్యో ఏట, ఇంకా శిఖరం మీద ఉండగానే, ఆట వదిలి సినిమాల్లోకి వెళ్లిపోయాడు. అతని సగటును స్మిత్ ఆడిన 226 మ్యాచ్‌లతో హెచ్చించి ఇరవై మూడు వేల గజాలు దాటేవాడని చెప్పేవాళ్లున్నారు. ఆ లెక్క మాకు నచ్చదు. ముప్ఫై దాటాక రన్నింగ్ బ్యాక్ శరీరం ఎలా ఉంటుందో ఆ హెచ్చవేతలో ఎక్కడా కనపడదు. బ్రౌన్ ఎందుకు అప్పుడే ఆపాడో అతనికి తెలుసు. ఆగిన చోటును గౌరవించాలి తప్ప ఆడని మ్యాచ్‌లకు గజాలు పంచకూడదు.

స్మిత్ మీద వేసే నింద ఇంకోటి. అతని ముందు నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకుని దారి తెరిచే లైన్‌మెన్ అంత బలవంతులు, ఆ దారిలో ఎవరు పరిగెత్తినా అన్ని గజాలు వచ్చేవని. ఈ మాటలో ఎంత నిజముందో తేల్చడానికి ఊహలతో పనిలేదు. 1993లో జీతం దగ్గర డాలస్ కౌబాయ్స్ యాజమాన్యంతో తెగక స్మిత్ సీజన్ మొదట్లో ఇంట్లోనే ఉండిపోయాడు. అదే లైను, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అతనే, అదే కోచ్. అంతకు ముందు ఏడాది సూపర్ బౌల్ గెలిచిన జట్టు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. స్మిత్‌కు కొత్త ఒప్పందం ఇచ్చి తెచ్చుకున్నారు. అతను వచ్చాక మిగిలిన పద్నాలుగింటిలో పన్నెండు గెలిచారు. రెండు మ్యాచ్‌లు తక్కువ ఆడి కూడా 1,486 గజాలతో లీగ్‌లో మొదటివాడుగా నిలిచాడు. ఆ ఏడాదీ సూపర్ బౌల్ డాలస్‌దే.

ఆ సీజన్ చివరి మ్యాచ్‌ను కాస్త దగ్గరగా చూడాలి. 1994 జనవరి 2, జెయింట్స్ మైదానం. గెలిచిన జట్టుకే డివిజన్ టైటిల్, ఒక వారం విశ్రాంతి. మొదటి సగం చివర్లో 46 గజాల పరుగు తీసి స్మిత్ కుడి భుజం మీద పడ్డాడు. కీలు జారింది. మామూలుగా అయితే అక్కడితో ఆట అయిపోయినట్టే. అతను తిరిగొచ్చాడు. బంతిని ఆ చేతి కింది నుంచి తీసి రెండో చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. ప్రతిసారీ కింద పడుతూ, లేవడానికి తోటివాళ్ల చెయ్యి అందుకుంటూ అదనపు సమయం దాకా ఆడాడు. 32 పరుగులు, 168 గజాలు. అవిగాక పది పాసులు పట్టి మరో 61 గజాలు. డాలస్ 16-13తో గెలిచింది. ఆ రోజు ఆ మనిషిని చూసినవాళ్లెవరూ ఇదంతా లైన్ చలవే అని అనలేరు.

అలాగని లైన్‌ను తక్కువ చేసినా తప్పే. మళ్లీ బార్క్‌లీనే చూడండి. 2023లో జెయింట్స్‌కు ఆడుతూ 14 మ్యాచ్‌లలో 962 గజాలు, పరుగుకు 3.9 చొప్పున. మరుసటి ఏడాది ఈగల్స్‌లో పరుగుకు 5.8. మనిషి అతనే, అవే కాళ్లు, వయసు ఒక ఏడు పెరిగింది కూడా. మారింది ముందు నిలబడ్డ అయిదుగురు. వాళ్లలో జోర్డన్ మైలాటా అనే ఆస్ట్రేలియా యువకుడు రగ్బీ నుంచి వచ్చాడు, ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. అలాంటివాళ్లు తెరిచిన సందులోంచే ఆ రెండు వేల గజాలూ వచ్చాయి. ఇది మొదటి నుంచీ తెలిసినవాళ్లకు తెలుసు. 1973లో తొలిసారి రెండు వేల గజాలు దాటిన ఓ.జె. సింప్సన్, అదీ 14 మ్యాచ్‌లలోనే, ఆ రోజు విలేఖరుల ముందుకు ఒంటరిగా రాలేదు. తనకు దారి తీసిన జట్టు సభ్యులందరినీ వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాతి జీవితం సింప్సన్ పేరును ఎక్కడికి దిగజార్చిందో లోకమంతా చూసింది. ఆ సాయంత్రం అతను చేసిన పని మాత్రం నేర్చుకోదగ్గదే.

శాండర్స్ విషయంలో వాదన రెండో వైపు నుంచి వస్తుంది. చెత్త లైన్ వెనక అద్భుతాలు చేశాడని అంటారు. అద్భుతాలు నిజం. అయిదారుగురు చుట్టుముట్టిన చోట పిచ్చుకలా ఎగిరి ఇంకో వైపు తేలే ఆ ఒడుపు మళ్లీ ఎవరికీ పట్టుబడలేదు. చెత్త లైన్ అన్న మాట మాత్రం అన్యాయం. డెట్రాయిట్‌లో అతని ముందు ఆడిన లైన్‌మన్ లోమస్ బ్రౌన్ ఏడుసార్లు లీగ్‌లోని మేటి ఆటగాళ్లకే చోటుండే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. శాండర్స్‌ను పొగడటానికి ఇంకొకరిని తీసిపారెయ్యక్కర్లేదు. పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో, ఒక్క సీజన్‌లో అందే దూరంలో, 1999 జులైలో సొంతూరు విచిటా పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. రికార్డు తనకు అక్కర్లేదని ఇంత స్పష్టంగా చెప్పినవాడు మరొకడు లేడు.

ఈ జాబితాల్లోకి ఎక్కడానికే వీల్లేకుండా పోయినవాళ్లూ ఉన్నారు. 1934 నుంచి 1945 దాకా ఈ ఆట ప్రధాన లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఒక్క నల్లజాతి ఆటగాణ్నీ ఆడనివ్వలేదు. కెన్నీ వాషింగ్టన్ 1939లో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం తరఫున దేశంలోకెల్లా మేటి ఆటగాళ్లలో ఒకడు. లీగ్ తలుపు అతనికి 1946లో తెరుచుకుంది. అదీ లాస్ ఏంజిలెస్‌కు తరలివచ్చిన రామ్స్ జట్టుకు ప్రజల సొమ్ముతో కట్టిన కొలీజియం స్టేడియం కావలసి రావడంతో, నల్లజాతి పత్రికల విలేఖరులు గట్టిగా నిలదీస్తే. అప్పటికే మోకాళ్లు పాడయ్యాయి. ఆ మోకాళ్లతోనే మరుసటి ఏడాది 92 గజాల పరుగు తీశాడు. మూడు సీజన్లలో మొత్తం 859 గజాలు, పరుగుకు 6.1. పోయిన ఆరు సీజన్ల గజాలు ఏ పట్టికలోనూ లేవు. సర్వకాల సర్వశ్రేష్ఠుడు అనే మాట వాడేటప్పుడు ఆ ఖాళీ గడులు గుర్తుండాలి.

హ్యూస్టన్‌లో ఎర్ల్ క్యాంప్‌బెల్ కథ దెబ్బల లెక్కకు నిలువెత్తు సాక్ష్యం. ఎవరినీ తప్పించుకుని పోయేవాడు కాదు, మీదుగానే పోయేవాడు. 1978 నుంచి వరుసగా మూడేళ్లు లీగ్‌లో మొదటివాడు. ఆ మూడేళ్లలో అతని చేతికి బంతి ఇచ్చింది 302సార్లు, 368సార్లు, 373సార్లు. మూడో ఏడాది 1,934 గజాలు. ఎనిమిది సీజన్లతో ఆట ముగిసింది. ఆ తర్వాత వెన్నెముక, మోకాళ్లు మొరాయించి చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ దాకా వచ్చింది. 9,407 గజాలు అని రాసిన చోట ఇదేమీ కనపడదు.

అందుకే మేము కోరేది ఇది. గజాల పక్కనే ఎన్నిసార్లు బంతి మోశాడో అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. స్మిత్ 4,409, పేటన్ 3,838, శాండర్స్ 3,062, బ్రౌన్ 2,359. జట్లు జీతం మాట్లాడేటప్పుడూ ఇదే అంకె బల్ల మీద ఉండాలి. ఇవాళ జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. కుర్రాడుగా ఉన్న నాలుగైదేళ్లు చవగ్గా మోయిస్తారు, ఒళ్లు అరిగాక అరిగిందనే వంకతో బేరం తగ్గిస్తారు. 2023లో బార్క్‌లీ, జోష్ జాకబ్స్, టోనీ పొలార్డ్ ముగ్గురినీ దీర్ఘకాల ఒప్పందం లేకుండా, ఆటగాణ్ని జట్టు తన దగ్గరే అట్టిపెట్టుకునే ఒక్క ఏడాది ట్యాగ్‌తో కట్టిపడేశారు. ఆ వేసవిలో రన్నింగ్ బ్యాక్‌లు ఆన్‌లైన్‌లో సమావేశమై తమ గోడు తామే చెప్పుకున్నారు. 2025లో ఈగల్స్ బార్క్‌లీకి ఏడాదికి రెండు కోట్ల డాలర్లు దాటే ఒప్పందం ఇచ్చింది. ఈ స్థానంలో ఆడేవాడికి అంత దక్కడం అదే మొదలు. మంచిదే. ఒక్కడికి దక్కింది తక్కినవాళ్లకూ నడవాలి.

మరి గొప్పవాడెవరు అని అడిగితే తప్పించుకోం. మా ఓటు వాల్టర్ పేటన్‌కు. పదమూడు సీజన్లలో, మొదటి ఏడాది తప్పించి, గాయం పేరుతో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. 1977 నవంబరులో ఫ్లూ జ్వరంతో దిగి మిన్నెసోటా మీద 275 గజాలు తీశాడు. మైదానం పక్క గీత దాటి తప్పుకునే వీలున్నా లోపలికే తిరిగి ఎదుటివాణ్ని ఢీకొట్టేవాడు. బంతి తన చేతిలో లేనప్పుడు క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లకు అడ్డం పడేవాడు. ఆ అడ్డం పడటానికి గజాలు రావు. షికాగో 46-10తో సూపర్ బౌల్ గెలిచిన రోజు, 1986 జనవరి 26న, అన్నేళ్లు జట్టును మోసిన అతనికి బంతిని చివరి గీత దాటించే టచ్‌డౌన్ ఒక్కటి కూడా దక్కలేదు. ఆ గీతకు గజం దూరంలో బంతిని వేరే ఆటగాడికి ఇచ్చారు. అందుకు కోచ్ మైక్ డిట్కా తర్వాత చాలా ఏళ్లు బాధపడ్డాడు. పేటన్ 1999లో నలభై అయిదేళ్లకే కాలేయ వ్యాధితో పోయాడు.

అడ్డం పడేవాడికి గజాలు రావన్న సంగతి స్మిత్ కూడా ఎరిగినవాడే. 2010 ఆగస్టులో క్యాంటన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద నిలబడి, తనకు ముందు నడిచి దెబ్బలు కాసిన ఫుల్‌బ్యాక్ డారిల్ జాన్‌స్టన్ పేరు పలికేసరికి అతని గొంతు పూడుకుపోయింది. కింద కూర్చున్న జాన్‌స్టన్ కళ్లు తుడుచుకున్నాడు. పదకొండు సీజన్లు ఆడి, మెడ దెబ్బతో ఆట వదిలిన జాన్‌స్టన్ పేరు ఎదురుగా పరుగు గజాల గడిలో ఉన్న అంకె 753.