డాక్యుమెంటేషనే లేదట! ఇంతకీ వెతికింది ఎక్కడ?

ఈ మధ్య ఒక మాట తెగ తిరుగుతోంది: "బ్రాడ్‌కాస్ట్ సాఫ్ట్‌వేర్‌కీ, వీడియో కార్డుల డ్రైవర్లకీ డాక్యుమెంటేషన్ అంటూ ఏదీ ఉండదు. స్టాండర్డ్‌లన్నీ డబ్బు పోసి కొనాల్సిందే. సోర్స్ కోడ్ చదువుకోవడమే దిక్కు, లేదా పాతదో కొత్తదో ఒక డ్రైవర్ పుస్తకం పట్టుకుంటే చాలు." చాలామంది తలూపేస్తున్నారు కూడా.

ముందు కొనడం సంగతి. టీవీ ఆడియో, వీడియోల్ని కలిపి పంపే ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ స్టాండర్డ్‌ని ఐఎస్ఓ/ఐఈసీ 13818-1 అని వెతికితే ధర కనిపిస్తుంది, నిజమే. కానీ అదే స్టాండర్డ్‌ని ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) వాళ్లు హెచ్.222.0 పేరుతో ఉచితంగా పెట్టారు, డౌన్‌లోడ్ చేసుకోవడమే. వీడియోని కుదించే స్టాండర్డ్ హెచ్.264దీ ఇదే కథ. డిజిటల్ టీవీ ప్రసారాల డీవీబీ స్టాండర్డ్‌లకైతే ఆ ఇబ్బంది కూడా లేదు, యూరప్ టెలికాం స్టాండర్డ్‌ల సంస్థ ఎట్సీ సైట్‌లో ఈఎన్ 300 468 అని కొడితే సర్వీస్ ఇన్ఫర్మేషన్ టేబుల్స్ (ఛానెళ్ల, కార్యక్రమాల వివరాల పట్టికలు) మొత్తం పీడీఎఫ్‌లో వస్తాయి. నంబరు తెలియక దొరకలేదంటే అది డాక్యుమెంట్ తప్పు కాదు కదా.

వాటిని చదివితే ఏం ఒరుగుతుందంటారా? రోజంతా చక్కగా నడిచి, ఇరవయ్యారున్నర గంటలకోసారి ఆడియో, వీడియో విడిపోయే ప్రోగ్రామ్ ఒకటి ఊహించుకోండి. మెమరీ లీకేమో, నెట్‌వర్కేమో అని వారం తల బద్దలుకొట్టుకోవచ్చు. లేదా పీటీఎస్ (ఏ ఫ్రేము ఎప్పుడు చూపాలో చెప్పే టైమ్‌స్టాంప్) 33 బిట్ల సంఖ్య అనీ, 90 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుందనీ ఆ ఎంపెగ్ స్టాండర్డ్‌లో చూసి, 2 పవర్ 33ని 90,000తో భాగించి, నిండిపోయిన కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతోందని రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు.

ఇక "సోర్స్ కోడే డాక్యుమెంటేషన్" అనే మాట. ఇది నేనూ నమ్మి దెబ్బతిన్నవాణ్ణే. ఒక క్యాప్చర్ కార్డు నుంచి 1366 వెడల్పుతో వైయూవైవీ (ఒక పిక్సెల్ ఫార్మాట్) ఫ్రేములు తీస్తుంటే బొమ్మంతా ఏటవాలుగా జారిపోయి వచ్చేది. పిక్సెల్‌కి రెండు బైట్లు, కాబట్టి లైనుకి 2732 అని నా లెక్క. కార్డే పాడైందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే డ్రైవర్ ఒక్కో లైను చివర ఖాళీ బైట్లు చేర్చి 2752 బైట్లకి సర్దుతోంది, ఆ సంగతి బైట్స్‌పర్‌లైన్ ఫీల్డులో చెబుతూనే ఉంది, నేనే చూడలేదు. లైనుకి 20 బైట్ల తేడా, బొమ్మ జారక ఏమవుతుంది! మనం అడిగిన ఫార్మాట్‌ని డ్రైవర్ మార్చవచ్చనీ, తిరిగొచ్చిన విలువల్నే వాడుకోవాలనీ లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డాక్యుమెంటేషన్‌లో వీడియో పరికరాల గురించిన వీడియో4లైనక్స్ భాగంలో స్పష్టంగా రాసి ఉంది. ఒక డ్రైవర్ కోడ్ చదివితే ఆ డ్రైవర్ ఏం చేస్తుందో తెలుస్తుంది, మిగతా డ్రైవర్లకి ఏం చేసే హక్కుందో తెలియదు. నేను చదివిన కోడ్‌లో, నా ఖర్మ కొద్దీ, సర్దుబాటే లేదు.

పాత పుస్తకం మాటకొస్తే, కెర్నెల్ 2.6.10 వెర్షన్ కాలం నాటి ఉదాహరణని ఇవాళ్టి కెర్నెల్‌తో కంపైల్ చేసి చూడండి. ఫైల్ ఆపరేషన్స్ స్ట్రక్చర్‌లో ఐఓసీటీఎల్ (ప్రోగ్రామ్ నుంచి డ్రైవర్‌కి ఆదేశాలు పంపే మార్గం) అనే ఫీల్డే లేదని ఎర్రర్ కొడుతుంది, దాన్ని 2.6.36లోనే పీకేశారు, ఇప్పుడు అన్‌లాక్డ్_ఐఓసీటీఎల్ వాడాలి. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎప్పుడైనా మారతాయని కెర్నెల్ రాసేవాళ్లే రాసి పెట్టుకున్నారు. మూలసూత్రాలకి ఆ పుస్తకాలు బంగారమే, కోడ్ మాత్రం మీ కెర్నెల్ వెర్షన్ డాక్యుమెంటేషన్ పక్కన పెట్టుకునే రాయండి.

ఒక్క విషయంలో డాక్యుమెంటేషన్ లేదనేవాళ్ల మాట నిజం. చాలా చిప్‌ల రిజిస్టర్ మాన్యువల్స్ (చిప్‌ని నడిపించే లోపలి స్విచ్చుల్లాంటి రిజిస్టర్ల వివరాలు) ఎన్‌డీఏ అనే గోప్యతా ఒప్పందం మీద సంతకం పెడితే గానీ చేతికి రావు, అక్కడ నాకూ ఒళ్లు మండుతుంది. కానీ అప్లికేషన్ రాసేవాడికి ఆ రిజిస్టర్లతో పనేంటి? డ్రైవర్ రాయడం నేర్చుకునేవాళ్లకి కూడా కెర్నెల్‌లోనే వివిడ్ అనే ఉత్తుత్తి వీడియో డ్రైవర్ ఉంది, కార్డు లేకుండానే ఫ్రేములిస్తుంది, దాని డాక్యుమెంటేషన్ కూడా పక్కనే ఉంది. టెర్మినల్‌లో మోడ్‌ప్రోబ్ వివిడ్ అని కొట్టి, దాన్ని లోడ్ చేసి మొదలుపెట్టండి.